కళ్ళు మూసిన కేటలాగులు

పాత చిత్రకళా ప్రదర్శనల కేటలాగులు ఎందుకు పోగుచేస్తావని నన్ను చాలామంది అడిగారు. బొమ్మల మీద ప్రేమతో కాదు. నాకు బొమ్మలు అంతగా తెలియవు. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిత్తుకాగితాల దుకాణానికి నేను వెళ్ళడం మొదలుపెట్టింది కరపత్రాల కోసం. వితంతు వివాహాల మీద, అంటరానితనం మీద మా ముందుతరం వాళ్ళు అచ్చువేసి పంచిన కరపత్రాలు, వాటికి అవతలి పక్షం ఇచ్చిన జవాబులు ఆ దుకాణానికి తూకానికి వస్తుండేవి. తొంభైల చివర ఒకరోజు వాటి మధ్య సన్నటి పుస్తకం ఒకటి దొరికింది. మద్రాసులో ఎప్పుడో జరిగిన చిత్రాల ప్రదర్శనకు వేసిన జాబితా అది. బొమ్మ నంబరు, బొమ్మ పేరు, వేసినవాడి పేరు, మధ్యమధ్య కొన్ని బొమ్మల అచ్చు. దాన్ని అప్పట్లో కొన్న వకీలు ఎవరో ప్రతి పేజీ అంచునా తన తీర్పు రాసుకున్నాడు. స్నానమాడే స్త్రీ బొమ్మ పక్కన "అసభ్యము, ఖండించవలెను" అని ఉంది. మొత్తం పుస్తకంలో ఆ ఒక్క పేజీ కింది మూలే వేలిముద్రలతో నల్లబడి, అరిగి, పలచబడిపోయింది.

అప్పటినుంచి నాకు ఆ జబ్బు పట్టుకుంది. బొమ్మల కోసం కాదు, పాత యజమానుల కోసం కొనేవాణ్ణి. పొగాకు వ్యాపారి ఒకాయన బొమ్మల్లో ఉన్న ఎద్దులకు మాత్రమే టిక్కులు పెట్టుకున్నాడు. ఇంకో పుస్తకం వెనక అట్ట మీద ఒక తల్లి తన బిడ్డ జ్వరాన్ని గంటగంటకీ రాసుకుంది. చివరి గీత దగ్గర జ్వరం దిగింది. ఆ గీత కోసమే ఆ పుస్తకాన్ని ఇప్పటికీ విడిగా దాచుకున్నాను. బొమ్మ వేసినవాడు తాను అనుకున్నది మనకు చూపిస్తాడు. చూసినవాడు మాత్రం తనకు తెలియకుండానే తనను చూపించుకుంటాడు. నాకు ఆ రెండోవాడే కావాలి.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఎండాకాలం, దుకాణదారు నన్ను రోడ్డు మీదే ఆపేశాడు.

"మేస్టారూ, మీ సరుకు వచ్చిందండి. వేటపాలెం బేరం. బొమ్మల పుస్తకాలు ఏడున్నాయి."

"ఎవరివి?"

"నాకేం తెలుసండి? నాకు ఏ కాగితమైనా బరువే. యార్డుకొచ్చే మిరపకాయల లారీ మీద వేసుకొచ్చారు. కాస్త దూరంగా పెట్టుకుని విప్పండి, లేకపోతే బొమ్మలు కాదు, మీ తుమ్ములే చూసుకోవాలి."

ఇంటికి తెచ్చి మధ్యాహ్నం వరండాలో విప్పాను. కరెంటు లేదు. మిరప ఘాటుకు నిజంగానే పది తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, మొదటి పుస్తకం తెరిచాను. తలపాగా పెట్టుకున్న ముసలాయన బొమ్మ. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నవాణ్ణి వేశారనుకున్నాను. పేజీ తిప్పితే వీణ పట్టుకున్న అమ్మాయి. ఆమె కూడా కళ్ళు మూసుకుంది. పాటలో లీనమైందేమో అనుకున్నాను. తరువాత నల్లకోటు వేసుకున్న జడ్జీ. బల్ల వెనక నిటారుగా కూర్చుని, చేతిలో కలం పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అక్కడ నా చెయ్యి ఆగింది.

వెలుతురుకు పట్టి చూస్తే పెన్సిలు గీతలని తెలిసింది. పిల్లలు మీసాలు గీసినట్టు గీసినవి కావు. అచ్చులోని నీడకు సరిగ్గా సరిపోయేలా రెప్పను కిందికి దించి, వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా వేశారు. బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న ఆడవాళ్ళ గుంపు ఒక బొమ్మలో ఉంది. ఒక్కో తల మినపగింజంత. ఆ తలల్లో కూడా కళ్ళు మూసి ఉన్నాయి. పక్కన గడ్డి తింటున్న ఆవును మాత్రం ఏమీ చెయ్యలేదు. ఏడు పుస్తకాలూ తిప్పాను. మనుషులందరూ కళ్ళు మూసుకున్నారు. జంతువులు చూస్తున్నాయి.

నా భార్య మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, ఒక పుస్తకం తీసి చూసి, బోర్లా పెట్టేసింది.

"వీళ్ళందర్నీ ఎవరండీ చంపింది?"

"చంపడమేంటి? పెన్సిలు."

"పెన్సిలని నాకూ కనబడుతోంది. నిద్రపోయే మొహం ఇలా ఉండదు. మా నాన్నని చూశాను నేను. ఇవి మాత్రం బీరువాలో పెట్టకండి, నా చీరలున్నాయి."

"మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చొస్తాను. మనింట్లో కూడా ఇదేనా?"

"మీ వాదన సభలో పెట్టుకోండి. నేను దయ్యమన్నానా? బీరువాలో వద్దన్నాను, అంతే."

ఆమె లోపలికి వెళ్ళాక మళ్ళీ మొదటినుంచి తిప్పాను. ఆరో పుస్తకంలో రెండు పేజీలు అంటుకుని ఉంటే మొదటిసారి దాటేశానని అప్పుడు తెలిసింది. గోటితో విడదీశాను. కిటికీ దగ్గర నిలబడ్డ స్త్రీ బొమ్మ ఉంది అక్కడ. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. తల కొంచెం పక్కకు వంచి, చూపు బొమ్మలో కుడివైపుకు, కిందికి దించి, అక్కడ ఏదో ఉన్నట్టు చూస్తోంది. ఏడు పుస్తకాల్లో మేలుకుని ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ కళ్ళ మీద సన్నటి పెన్సిలుతో గళ్ళు గీసి ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో ఇలా రాసి ఉంది: "వేటపాలెం. పురుడు. చూపు కుడికి, కిందికి. ఆదివారానికి ఇవ్వాలి."

ఏమి ఇవ్వాలి? ఎవరికి? చాలాసేపు ఆ పేజీ చూస్తూ కూర్చున్నాను. లేచేటప్పుడు ఆ పుస్తకాన్ని నా భార్య పెట్టినట్టే బోర్లా పెట్టాను. ఆ సంగతి గమనించి, వెనక్కి వచ్చి, మళ్ళీ తిరగేసి పెట్టాను.

అప్పటికి నాకు తోచిన సమాధానం ఒక్కటే. ఎవడో చాదస్తుడు, బొమ్మలు తనను చూస్తున్నాయని భయపడి, వాటి కళ్ళు మూశాడు. రెండు నెలల తరువాత చీరాలలో ఒక స్కూలు హాల్లో చావు భయాల మీద నా ఉపన్యాసం ఉంటే ఆ పుస్తకాల్లో ఒకటి పట్టుకెళ్ళాను, ఆరోదే. జడ్జీలాంటి పెద్దమనిషి ఒకాయన బొమ్మ అందులోనూ ఉంది. అది ఎత్తి చూపించి, "శిక్షలు వేసేవాడి కళ్ళు కూడా మూసేశాడు చూడండి ఈ భయస్తుడు" అన్నాను. బాగా నవ్వారు. కిటికీ దగ్గర స్త్రీ పేజీ మాత్రం చూపించలేదు. ఎందుకు చూపించలేదో అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు.

సభ అయ్యాక, మగ్గం మీద కూర్చుని కూర్చుని నడుము వంగిన పెద్దాయన ఒకరు వేదిక దగ్గరికి వచ్చారు.

"ఆ పుస్తకం ఒకసారి ఇస్తారాండి?"

ఇచ్చాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

"ఇది మా అన్న చేతి పనండి. భయపడి మూయలేదండి ఆయన. తెరవడం నేర్చుకోడానికి మూశాడు."

నాకు అర్థం కాలేదని ఆయనకు అర్థమైంది. పక్కనున్న బెంచీ మీద కూర్చుని చెప్పారు. వాళ్ళ అన్నకు వేటపాలెంలో ఫోటో స్టూడియో ఉండేది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళకు, బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించేవాళ్ళు కాదు. ప్రాణం పోయాక గుర్తొచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు గుడ్డ కట్టి, ఫోటో తీయించేవాళ్ళు. ఆ ఫోటో ఇంటికి తీసుకుపోవడానికి మాత్రం ఒప్పుకునేవాళ్ళు కాదు. మూసిన కళ్ళ ఫోటో ఇంట్లో ఉండకూడదు. అందుకని దాన్ని పెద్దది చేసి, రెప్పల మీద రంగుతో కళ్ళు వేసి, బతికున్న మనిషిలా చేసి ఇవ్వాలి. ఊళ్ళో ఆ పనిని కళ్ళు తెరవడం అనేవాళ్ళట.

"రెప్ప మూస్తే మొహం ఎక్కడ జారుద్దో తెలిస్తేనే, తెరిస్తే ఎక్కడ లేస్తుందో తెలుస్తుందనేవాడు అన్న. పెద్దపెద్దోళ్ళు వేసిన బొమ్మలు కావాలని మద్రాసు నుంచి పుస్తకాలు తెప్పించుకునేవాడు. రోజూ పొద్దున్నే ఒకళ్ళిద్దరికి మూసి, తర్వాత పనిలోకి దిగేవాడు." పుస్తకం నా చేతికిచ్చారు. "బానే నవ్వించారండి. పక్కనోళ్ళు నవ్వుతుంటే నేనూ నవ్వాను."

నేను పుస్తకం సంచిలో పెట్టుకోబోయాను.

"దీంట్లోనేనాండి, పురుడు అని రాసిన పేజీ?" అని అడిగారు.

ఆ పేజీ సభలో నేను ఎవరికీ చూపించలేదు. ఆయన నా మొహం చూసి, "అన్న రాస్తుంటే నేను పక్కనే ఉన్నానండి. ఈ పుస్తకాలు మా కోడలు చిత్తుకింద అమ్మేసిందని మొన్న తెలిసింది. అప్పట్నుంచి వెతుకుతున్నా. ఆ పురిట్లో పుట్టిన బిడ్డకిప్పుడు యాభై ఏళ్ళు. ఆ పేజీతో దానికి పని పడింది. రేపు వేటపాలెం వస్తారా?" అన్నారు.

మర్నాడు వెళ్ళాను. వేటపాలెంలో దిగగానే జీడిపిక్కలు కాల్చే పొగ గొంతులో పట్టుకుంటుంది. పెద్దాయన నన్ను జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక వీధిలోకి తీసుకెళ్ళి, ఒక ఇంటి ముందు ఆగి, "అమ్మాయ్" అని పిలిచారు. పప్పు ఏరే పనిలోంచి లేచి వచ్చిందేమో, వేళ్ళు జీడితో నల్లబడి ఉన్నాయి. గుమ్మంలోకి వచ్చి, తల కొంచెం పక్కకు వంచి, చూపు కిందికి దించి, మా చెప్పుల వైపు చూసింది.

నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అది ఆరో పుస్తకంలోని చూపు. మొహం వేరు, రంగు వేరు. ఆ వంపు, ఆ కళ్ళు నిలిపిన తీరు మాత్రం నేను రెండు నెలలుగా రోజూ చూస్తున్నవే. మద్రాసులో ఎవరో, ఎవరినో చూసి వేసిన బొమ్మ. ఆ బొమ్మకూ వేటపాలెంలో పప్పు ఏరే ఈవిడకూ ఏ సంబంధం ఉండడానికి వీల్లేదు.

"రండి బాబాయ్. ఈయనేనా?" అంది.

ముందు గదిలో గోడకు వాళ్ళమ్మ ఫోటో ఉంది. ఈమెను కని, ఆ రోజే పోయిన తల్లి. కుర్చీలో కూర్చుని ఉంది. ఒక కన్ను తెరిచి కుడివైపు కిందికి చూస్తోంది. రెండో కంటి మీద రంగు పెచ్చులుగా రాలిపోయింది. దాని కింద, అసలు ఫోటోలోని మూసిన రెప్ప బయటపడింది. ఒక కన్ను బతికి ఉంది, ఒకటి లేదు. నేను చూపు తిప్పుకున్నాను. ఎటు తిప్పుకున్నా ఆ మొహం నా పక్కనే ఉన్నట్టుంది.

"పోయిన వానాకాలం నుంచి రాలుతోందండి" అంది ఆమె. "మొదట సన్నగా రెప్ప అంచు కనబడింది. అద్దం మీద మరకేమో అనుకుని గట్టిగా తుడిచా. ఆ అదురుకి లోపల ఇంకాస్త ఊడింది. చిన్నప్పుడు నేను ఎప్పుడూ కుడిపక్కనే నిలబడేదాన్ని. అక్కడుంటే నన్నే చూస్తున్నట్టుంటుంది. ఇప్పుడు అటు వెళ్ళడం మానేశాను. ఎడం పక్కనుంచి దీపం పెట్టి గబగబా వచ్చేస్తున్నా. యాభై ఏళ్ళు చూసిన మా అమ్మకి ఇప్పుడు భయపడుతున్నానండి. అది నాకు బాగా లేదు."

చీరాలలో కంప్యూటరు పెట్టుకున్న స్టూడియో అబ్బాయిని అడిగిందట. కళ్ళు పెట్టి ఇస్తానన్నాడు. ఏ కళ్ళు కావాలో చెప్పమన్నాడు.

"ఎవరో సినిమా ఆవిడవి కూడా చూపించాడు. మా అమ్మకి అవి పెడితే మా నాన్న లేచొచ్చి పోట్లాడతాడు అన్నాను. ఈ కళ్ళే కావాలంటే, ఇవి ఎక్కడివో దాని బొమ్మ తెమ్మన్నాడు."

నేను పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. నిజం చెప్పడం నాకు అలవాటు. చెప్పేశాను. "ఇవి మీ అమ్మగారి కళ్ళు కావండి. ఈ బొమ్మ మీద గళ్ళు గీసి, చూసి దించుకున్నవి."

"పోయినావిడ కళ్ళు ఎవరు తెస్తారండి? ఎవరివో అని తెలుసు. ఎవరివన్నది తెలీదు." ఆమె పేజీ మీదికి వంగి చాలాసేపు చూసింది. "ఈవిడా నన్ను పెంచింది."

అంతటితో నేను ఊరుకోవలసింది. గేటు దగ్గర నన్ను ఆపేసిన భయం ఇంకా వదల్లేదు. దానికి సమాధానం దొరికింది కదా అన్న ఆత్రంలో నోరు జారాను. మనుషుల చూపు పుట్టుకతో వచ్చేది కాదని, చుట్టూ ఉన్న మొహాలను చూసి పిల్లలు నేర్చుకుంటారని, అమ్మను చూడు, అమ్మ చూస్తోంది అని ఇంట్లోవాళ్ళు రోజూ చూపించిన బొమ్మలోంచి ఆమె ఆ చూపు నేర్చుకుందని, అందులో వింతేమీ లేదని వివరంగా చెప్పాను. ఇప్పటికీ ఆ వివరణ సరైనదే అనుకుంటున్నాను.

ఆమె తల ఎత్తింది. "ఊళ్ళో అందరూ అచ్చం తల్లి చూపే అంటారండి నన్ను. మా అమ్మది నాకున్నది అదొక్కటే. అదీ ఈవిడదేనంటారు."

పెద్దాయన నా వైపు చూడలేదు. బయట ఫ్యాక్టరీలో పిక్కలు పగలగొట్టే చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఎన్నో సభల్లో ఎంతోమంది నోళ్ళు మూయించాను. నా మాట ఒక మనిషి దగ్గర ఉన్న ఒకే ఒక్కదాన్ని లాక్కోవడం మాత్రం అదే మొదటిసారి చూశాను.

"సరే బాబాయ్, విప్పండి. ఆ అబ్బాయి పొద్దుగూకే లోపల తెమ్మన్నాడు" అంది ఆమె.

కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఫోటో ఫ్రేములోంచి బయటికి రావాలి. పెద్దాయన పటకారుతో మేకులు ఊడదీశారు. వెనక చెక్క వచ్చింది. అద్దం వచ్చింది. ఫోటో చుట్టూ అంచులు కప్పుతూ బూడిదరంగు అట్ట ఒకటి అంటించి ఉంది. యాభై ఏళ్ళ జిగురు కదా, కాస్త లాగగానే ఊడి వచ్చేసింది.

అట్ట కింద, ఫోటో కుడి అంచున, రెండు వేళ్ళ వెడల్పున ఇంకా బొమ్మ ఉంది. ఒక ముసలావిడ చెయ్యి, మోచేతి వరకు. ఆ చేతిలో తెల్లగుడ్డ మూట. మూటలోంచి చిన్న నుదురు.

ఆమె నల్లబడ్డ వేలిని ఆ నుదురు మీదికి తీసుకెళ్ళి, తాకకుండా ఆపేసింది.

"అవునే" అన్నారు పెద్దాయన. "మీ అమ్మమ్మ ఎత్తుకుని నిలబడింది. మర్చేపోయాను. వెలుతురు కోసం నేను తెల్లదుప్పటి పట్టుకున్నాను, అప్పటికి నాకు పెళ్ళయిన కొత్త. పురిట్లో పోయినావిడ పక్కన బిడ్డ కనబడితే బిడ్డకు మంచిది కాదని పెద్దోళ్ళు అన్నారు. ఆ అట్ట వేయించింది వాళ్ళే. కళ్ళు తెరిచి, బిడ్డని కప్పేసి, పదకొండో రోజు ఆదివారం, అప్పటికి ఇస్తేనే గోడకు పెడతామన్నారు."

ఆ పెద్దవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండింది. యాభై ఏళ్ళు తల్లీ బిడ్డా ఒకే ఫోటోలో ఉండి, మధ్య ఒక అట్టముక్క. కోపం చెప్పడానికి నోరు తెరిచి, ఫోటోను వెలుతురుకు తిప్పాను. అప్పుడు కనిపించింది. రంగు రాలిన ఆ రెప్ప పూర్తిగా మూతపడలేదు. కింద వెంట్రుకవాసి సందు ఉంది. అద్దం ఉన్నప్పుడు ఆ గీత కనబడలేదు. ఆ సందులో తెలుపు, ఆ తెలుపులో కుడివైపుకు, కిందికి జరిగిన నల్లటి చుక్క.

చూపు కుడికి, కిందికి. స్టూడియో ఆయన దాన్ని ఊహించి రాయలేదు. తాను చూసింది రాసుకున్నాడు. చూసి, అటే చూసే కళ్ళ కోసం ఏడు పుస్తకాలు వెతికాడు.

ఆమె కూడా చూసింది. "చూస్తోందాండి?" అని అడిగింది, చాలా మెల్లగా.

"లేదండి" అన్నాను. "ప్రాణం పోయాక రెప్పలు ఒక్కోసారి పూర్తిగా పడవు. తల ఎటు వాలితే కళ్ళు అటు ఉన్నట్టు కనబడతాయి. అంతే. ఎవరో తల అటు తిప్పి ఉంటారు."

"ఎవరో ఏంటండి?" అన్నారు పెద్దాయన. "దీని అమ్మమ్మే తిప్పింది. అన్న ముందుకు తిప్పి సరిచేశాడు. ఆవిడ మళ్ళీ అటు తిప్పింది. ఇంకోసారి సరిచేశాడు. ఒరేయ్, బిడ్డ పుట్టాక అది కళ్ళారా చూసుకోనే లేదురా, చూడనివ్వు అంది. ఇంక అన్న ముట్టుకోలేదు."

ఆమె లేచి దేవుడి గూట్లోంచి వత్తులు చేసుకునే పత్తి చిన్న ముద్ద తెచ్చింది. నీళ్ళలో ముంచి పిండింది. తెరిచి ఉన్న కంటి మీద పెట్టి, గట్టిగా రుద్దకుండా, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది. రంగు పత్తికి అంటుకుని వచ్చేసింది. ఆ రెండో రెప్ప కింద కూడా అలాంటి సన్నటి సందే ఉంది. రెండు కళ్ళూ ఒకే వైపుకు.

"అమ్మాయ్, మరి స్టూడియోకి?" అన్నారు పెద్దాయన.

"వద్దు బాబాయ్. ఆ అట్ట కూడా వద్దు. ఇలాగే పెట్టి మేకులు కొట్టండి." తరువాత నా చేతిలోని పుస్తకం చూసి, "ఇది నాకు ఇస్తారాండి? ఆవిణ్ణి మళ్ళీ చిత్తులోకి పంపడం బాగుండదు" అంది.

ఇచ్చాను. నా దగ్గర ఆరు మిగిలాయి, అన్నీ కళ్ళు మూసుకున్నవే. ఇప్పుడవి బీరువాలోనే ఉన్నాయి. సంగతంతా విన్నాక నా భార్యే చీరల పక్కన పెట్టింది.

మేము బయలుదేరేసరికి పొద్దు వాలుతోంది. ఫోటో గోడకు ఎక్కింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె దీపం వెలిగించి, గబగబా వచ్చెయ్యలేదు. ఫోటోకు కుడిపక్కకు నడిచి, అక్కడే నిలబడింది.